చక్రపాణి గారి పేరు మీద

"నమస్కారం. ఈ పూట మీ గుండె రీడింగ్ ఇంకా అందలేదు. దయచేసి రెండు చేతుల వేళ్ళూ రేకుల మీద ఆనించి కదలకుండా కూర్చోండి." మా ఆసుపత్రి నుంచి మీకెప్పుడైనా ఇలా ఫోన్ వస్తే, ఆ గొంతు నాదే. నా పేరు షెర్లిన్. మా చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివేది నేనే. అది తెలిసి మా మేనేజరు, బయటివాళ్ళెందుకు, నువ్వే చదివెయ్ అన్నాడు. నవ్వు మొహం పెట్టుకుని చదివాను. అప్పటికి ఈ పేషంట్లతో నాకింకా తల బొప్పి కట్టలేదు.

పంజాగుట్టలో మా ఆసుపత్రి అయిదో అంతస్తులో, కిటికీలు లేని గది మాది. గుండె లయ తప్పే వాళ్ళకి డాక్టర్లు ఒక చిన్న కార్డు ఇచ్చి పంపుతారు. దాని మీద రెండు స్టీలు రేకులుంటాయి. పొద్దునా సాయంత్రమూ వాటి మీద వేళ్ళు అర నిమిషం ఆనిస్తే చాలు, గుండె కొట్టుకునే తీరంతా ఫోన్లోని యాప్ ద్వారా ఒక గీతలా మా తెరల మీదికి వచ్చేస్తుంది. పైన పేషంటు పేరు, కింద గీత. గీతలో తేడా ఉంటే నేను డాక్టరుకి చూపించాలి. అసలు రీడింగే రాకపోతే ముందు నా రికార్డు గొంతు మోగుతుంది. మొదటి నంబరు ఎత్తకపోతే రెండో నంబరుకు పోతుంది. అప్పటికీ కదలకపోతే నేనే ఫోన్ చేసి బతిమాలాలి. బతిమాలడం అని మర్యాదకి అంటున్నాను గానీ, సగం మందితో పోట్లాటే.

ఆ సగం మందిలో అందరికంటే ముందుండేది చక్రపాణి గారు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో జిరాక్సు షాపు ఆయనది. కంప్యూటర్ కోర్సుల నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముతాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గుండె ఉన్నట్టుండి తాళం తప్పి పరుగెత్తే జబ్బు. అశ్రద్ధ చేస్తే పక్షవాతం రావచ్చని మా దుర్గేష్ డాక్టరు గారు ఆయన మొహం మీదే చెప్పారు. అయినా ఆయన చెవిన వేసుకుంటేగా!

"ఏంటమ్మాయ్ పొద్దున్నే నీ గోల? షాపు తెరిచే వేళకి వేళ్ళు పెట్టు, కాళ్ళు పెట్టు అంటావు! నీకు పనీ పాటా లేదా?"

"ఇదే నా పని సార్. అర నిమిషం పెట్టండి, నేను మీ జోలికి రాను."

"ఆ కార్డూ గీర్డూ మా ఆవిడ ఫోన్‌కే తగిలించారుగా. ఆవిడతో మాట్లాడుకో."

మొదటి నంబరు ఆయన భార్య ఉదయలక్ష్మి గారిదే. యాప్ ఆవిడ ఫోన్‌లోనే ఉంది. రెండో నంబరు ఆయనది. ఆవిడకి ఫోన్ చేస్తే మటుకు వేరే లోకంలో ఉన్నట్టుండేది. "తిన్నావా అమ్మా?" అన్నాకే ఇంకో మాట. "ఆయన నిన్నేమైనా అన్నారా? పట్టించుకోకు, నోరే అంత. నేను పెట్టిస్తాలే" అనేది. నన్ను తిన్నావా అని అడిగే పేషంటు ఇల్లు ఇంకోటి లేదు. ఆవిడంటే నాకు ఇష్టం. ఆయనంటే ఒళ్ళు మంట.

కొన్నాళ్ళకి ఆ ఇంటి రీడింగులు టంచనుగా రావడం మొదలైంది. ఎంత చక్కటి గీతలో! తాళం తప్పడం లేదు, పరుగు లేదు. "మన చక్రపాణి దారిలో పడ్డాడే" అని డాక్టరు గారు సంతోషపడ్డారు. నేనైతే నా పోరు ఫలించిందని కాలరెగరేసుకుని తిరిగాను. ఆ తరవాత గీతలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. గుండె మరీ నెమ్మదించింది, మందు ఎక్కువైందేమో, సగానికి తగ్గించమను అన్నారు డాక్టరు గారు. ఆ కబురు చెప్పింది నేనే. "సరేనమ్మా, రేపట్నుంచి ఆయనకి సగం మాత్రే వేస్తాను" అంది ఉదయలక్ష్మి గారు. తిన్నావా అని కూడా అడిగింది.

ఆ గురువారం పొద్దున, మందు తగ్గించాక ఎలా ఉందో కనుక్కుందామని చక్రపాణి గారికి ఫోన్ చేశాను. ఎత్తేసరికే షాపులో ఎవరి మీదో అరుస్తున్నాడు. "రెండు వైపులా ప్రింటు అన్నావు, ఇప్పుడు ఒక వైపంటే ఎలా కుదురుతుందయ్యా?" నేను ఓపిగ్గా ఆగాను. సరిగ్గా అప్పుడే నా తెర మీద ఆయన పేరుతో కొత్త రీడింగ్ రావడం మొదలైంది.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తెర వైపు అలా చూస్తుండిపోయాను. ఒక దెబ్బ పడింది. ఇంకోటి పడింది. తరవాత గీత తిన్నగా సాగింది. సాగుతూనే ఉంది. ఏ దెబ్బా లేదు. ఎంతసేపటికో ఒక్క దెబ్బ కొట్టుకుంది, మళ్ళీ నెమ్మదిగా ఇంకోటి. గుండె ఆగి మళ్ళీ మొదలైందన్నమాట.

ఇక్కడ ఫోన్లో ఆయన జిరాక్సు కాగితాల గురించి గొంతు చించుకుంటున్నాడు.

"సార్, మీ చేతులు ఇప్పుడు ఎక్కడున్నయ్?"

"ఎక్కడుంటాయి? ఒకదాంట్లో ఫోన్, ఒకదాంట్లో నోట్సు. ఏం ప్రశ్నమ్మా అది!"

"మరి కార్డు మీద వేళ్ళు ఎవరు పెడుతున్నరు?"

ఆయన నీళ్ళు నమిలాడు. "నేనే పెడుతున్నా. పొద్దున్నే పెట్టి వచ్చా." అబద్ధం ఎంత తేలిగ్గా చెప్పాడో! ఆ గీత ఎవరిదో అప్పటికే నాకు తెలిసిపోయింది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే మరి.

పరుగెత్తుకుంటూ వెళ్ళి డాక్టరు గారికి చూపించి, ఇవి చక్రపాణి గారి వేళ్ళు కావని చెప్పాను. ఆయన మొహం మారిపోయింది. "ఇది ఎవరిదైనా సరే, వాళ్ళు ఇవాళ ఇంట్లో ఉండకూడదు షెర్లిన్. పేస్‌మేకర్ పెట్టాల్సిన గుండె ఇది. ఇద్దర్నీ వెంటనే రప్పించు" అన్నారు.

ఉదయలక్ష్మి గారికి ఫోన్ చేశాను. అమ్మా, మీరు వెంటనే ఆసుపత్రికి రావాలి అన్నాను. ఆవిడ నవ్వింది. "నాకెందుకమ్మా? ఆయనొచ్చే రోజు ఆయనతో వస్తాలే. పప్పు పొయ్యి మీదుంది" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అప్పుడు నాకు తోచింది ఒక్కటే. ఆవిడ మాట చెబితే ఆ మహానుభావుడు షాపు మూయడు. కాబట్టి ఆయనకే ఫోన్ చేసి, "సార్, మీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంది. ఇప్పుడే రావాలె. అమ్మగారిని వెంట తెచ్చుకోండి, సంతకం కావాలె" అన్నాను. అవతల షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఇద్దరూ ఆటోలో వచ్చారు. ఆవిడ్ని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. సన్నగా, పొట్టిగా, వంగపండు రంగు చీరలో ఉంది. ఆయన ఫైలు, ఆయన నీళ్ళ సీసా, ఆయన కళ్ళజోడు పెట్టె అన్నీ ఉన్న సంచి భుజాన వేసుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. చూసేవాళ్ళకి పేషంటు ఆయనే. నాకు మాత్రం ఆవిడ పెదాల తెలుపు కనబడింది.

ఆయనకి ఈసీజీ తీశారు. నెమ్మదితనం లేదు, పాడూ లేదు. గుండె తాళం తప్పి, గుర్రంలా పరుగెడుతోంది. ఉండదా మరి? వేరొకరి గీత చూసి ఈయన మందు సగానికి తగ్గించాం కదా. "ఇన్నాళ్ళూ మనం ఈయన్ని చూడనే లేదు" అన్నారు డాక్టరు గారు మెల్లగా. నర్సులు ఆయన్ని మంచం మీదికి చేర్చి సెలైన్ ఎక్కించడంలో పడ్డారు.

నేను బయటికొచ్చి ఆవిడ్ని బెంచీ మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నిజం చెప్పండి. వేళ్ళు మీవే కదా?"

ఆవిడ అటూ ఇటూ చూసి, దొంగతనం దొరికిపోయిన పిల్లలా నవ్వింది. "ఆయనకి చెప్పకేం, చెప్పేశానని గొడవ చేస్తారు. ఆయన ఎంత చెప్పినా పెట్టరు. నువ్వేమో రోజూ ఫోన్ చేసి ఆయన చేత మాటలు పడతావు. పాపం ఎవరు కన్న పిల్లో, మా మూలంగా ఎందుకు తిట్లు తినాలి అనిపించింది. నువ్వే పెట్టెయ్, మా సందులో కుర్రాళ్ళు అటెండెన్సుకి ఒకళ్ళ బదులు ఒకళ్ళు పలకడంలా అన్నారాయన. పెట్టేశాను."

నేను తిట్లు తింటున్నానని పెట్టిందట! నా మీద జాలితో!

"ఏదో కానిచ్చెయ్యడానికి పెట్టలేదమ్మా" అంది ఆవిడ నా మొహం చూసి కంగారుగా. "పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, ఆయన పేరూ గోత్రమూ చెప్పుకుని అప్పుడే పెట్టేదాన్ని. గుళ్ళో అర్చన అయినా ఆయన పేరు మీదే కదా చేయిస్తాను? ఆయనొచ్చి నిలబడతారా ఏంటి? నేను నిలబడితే ఆయనకి చెందట్లా? ఇదీ అంతే అనుకున్నా."

దేవుడా! కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఐసు ముక్కల్లా ఉన్నాయి.

"అమ్మా, ఆ గీతలో కనబడ్డది మీ గుండె. ఆగుతున్నది మీ గుండె. ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నయా?"

"గ్యాసేమో అనుకున్నా. వంటింట్లో ఒకట్రెండు సార్లు కూలబడ్డాలే. ఆయన కంగారు పడతారని చెప్పలేదు." అని లోపలి తలుపు వైపు చూసింది. "ముందు ఆయన సంగతి చూడనీమ్మా. తరవాత వస్తాను."

"తరవాత లేదు. ఇప్పుడే. మీరు ఒక్క అడుగు సుత వేయొద్దు, నేను చక్రాల కుర్చీ తెస్తున్న. ఈడనే కూసోండి. ఒట్టు?"

"ఒట్టేంటి, పిచ్చిపిల్లా. కూర్చుంటాలే."

వార్డు బాయ్ రాజనర్సయ్యను కేకేసి, కుర్చీ పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా ర్యాంపు మీదుగా ఉరికించుకుంటూ వచ్చాం. బెంచీ ఖాళీగా ఉంది.

"గీడ ఎవ్వరు లేరు కద మేడం?" అన్నాడు రాజనర్సయ్య.

లోపలికి పరుగెత్తాను. చక్రపాణి గారు దిండుకి ఆనుకుని, ఆసుపత్రి గౌను వంక అసహ్యంగా చూస్తున్నాడు.

"సార్, అమ్మగారేరి?"

"ఇంటికి పంపా. వెనకాల తాళ్ళు కట్టుకునే ఈ గౌను నేను తొడుక్కోను. లుంగీ తెమ్మన్నా. అలాగే కాస్త మజ్జిగన్నం కలుపుకుని రమ్మన్నా, మీ క్యాంటీను తిండి నాకు పడదు. మెట్రోలో ఒక్క స్టేషనేగా, వచ్చేస్తుంది."

"ఆమెకు గుండె ఆగుతుంది సార్! కార్డు మీద పెట్టింది ఆమె వేళ్ళు. మీకు తెలుసు. తెలిసి ఎట్ల పంపిన్రు?"

"ఆవిడకేంటి, రాయిలా ఉంటుంది. జలుబు కూడా చేయదు" అన్నాడు ఆయన. తరవాత నా మీదికే తిరిగాడు. "అయినా ఆగుతోంది నా గుండె అని పొద్దున నువ్వేగా చెప్పావు?"

చెప్పాను.

రాజనర్సయ్యను అంబులెన్సులో అమీర్‌పేట పంపించారు డాక్టరు గారు. నేను ఆయన మంచం పక్కనే నిలబడి, ఒక చేత్తో గీతలు కనబడే టాబ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆవిడకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆఖరికి ఎత్తింది. మాట మధ్యలో ఎగశ్వాస.

"వచ్చేశానమ్మా ఇంటికి. లిఫ్టు పాడైంది, మూడంతస్తులూ ఎక్కా. ఏంటో, కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నాయి."

"అమ్మా, ఎక్కడున్నరో అక్కడ్నే కింద కూసోండి. అంబులెన్సు వస్తుంది. తలుపు తీసుందా?"

"లేదు, గడియ పెట్టా. ఉండు, తీస్తా."

"లేవకండి!" అని అరిచాను. తలుపు తీయమనాలా, కూర్చోమనాలా? లేస్తే పడిపోతుంది. లేవకపోతే వీళ్ళు లోపలికెలా వెళ్తారు? కూర్చోమనే అన్నాను. "పక్కింటి వాళ్ళ నంబరు చెప్పండి సార్!" అని చక్రపాణి గారిని అడిగాను. "నాకేం తెలుసు? అవన్నీ ఆవిడ ఫోన్లో ఉంటాయి" అన్నాడు. ఈసారి ఆయన గొంతులో కొంచెం బెరుకు వినిపించింది.

"అమ్మా, కార్డు ఉన్నదా దగ్గర?"

"సంచిలోనే ఉంది."

"ఫోను స్పీకర్లో పెట్టి, పక్కన పెట్టుకోండి. కార్డు మీద వేళ్ళు పెట్టండి. నేను చూస్తుంట. నాతో మాట్లాడుతుండండి."

సంచి జిప్పు తెరిచిన చప్పుడు. తరవాత ఆవిడ గొంతు, చాలా సన్నగా. "ఎవరి పేరు మీద పెట్టనమ్మా? ఇందులో నా పేరు లేదు కదా."

"మీ పేరు మీదనే పెట్టండి. మీ పేరే తలుచుకోండి అమ్మా."

"నా పేరు తలుచుకోవడం అలవాటు లేదు" అని నవ్వింది ఆవిడ. "నువ్వు తిన్నావా?"

టాబ్ మీద గీత మొదలైంది. పైన చక్రపాణి అని పేరు. ఒక దెబ్బ, ఒక దెబ్బ, తిన్నటి గీత. ఇంకో దెబ్బ. తిన్నటి గీత. "అమ్మా, మాట్లాడండి. అమ్మా!" ఫోన్లో ఏదో మెత్తగా ఒరిగిన చప్పుడైంది. కార్డు గచ్చు మీద పడి టకటకమంది. తెర మీద గీత సగంలో తెగిపోయింది. ఫోన్లో సీలింగు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు వింటూ ఎంతసేపు అమ్మా అమ్మా అని అరిచానో నాకే తెలియదు. నర్సులు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు.

ఆ తరవాత ఆ ఫోన్లోనే, దూరంగా తలుపు బాదడం వినిపించింది. ఎవరెవరో కేకలు. "ఇంకో దెబ్బ గొట్టు భాయ్, గడియ ఊడొస్తది!" అది రాజనర్సయ్య గొంతు. చెక్క విరిగిన మోత. అడుగులు. అంబులెన్సు వాళ్ళు ఛాతీ మీద నొక్కుతూ పైకి లెక్కపెడుతున్నారు. ఆ లెక్క చాలాసేపు సాగింది. మధ్యలో ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. ఈసారి మొదలవలేదు.

ఎవరో ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. "మేడం" అన్నాడు రాజనర్సయ్య. "అమ్మ పోయింది మేడం. మస్తు కోషిష్ చేసిన్రు. మేం పోయేసరికి ఒళ్ళో లుంగీ ఉన్నది, మడత పెట్టుకుని కూసున్నట్టుంది."

నేను ఫోన్ కిందికి దించాను. చక్రపాణి గారు నా మొహమే చూస్తున్నాడు. ఏమైంది అని అడగలేదు. అడిగితే చెబుతానని భయమేమో. ఆ మనిషి మీద ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా కక్కేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఆత్రంగా అందుకున్నాడు. "ఆవిడే అయ్యుంటుంది" అని, తడబడి స్పీకరు నొక్కాడు.

"నమస్కారం" అంది నా గొంతు, నవ్వు మొహంతో. "మీ రీడింగ్ పూర్తి కాలేదు. దయచేసి వేళ్ళు మళ్ళీ ఆనించి, కదలకుండా కూర్చోండి."

మొదటి నంబరు ఎత్తలేదు కదా, రెండో నంబరుకు వచ్చింది.

ఆయన ఫోన్ వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. మొహంలో ఒక్క క్షణం ఊరట కనబడింది, నేనింకా నోరు తెరిచే నిలబడి ఉన్నాను. "నీ గొంతే కదమ్మాయ్ ఇది?" అన్నాడు. "కాస్త ఆగమని చెప్పు దానికి. మా ఆవిడ ఇంట్లోనే ఉందిగా, పెడుతుందిలే."